బల్తాజర్ గారి పునరుద్ధరణ

విట్టెన్‌రోడ నగర నాటకశాల ఈ సీజనులో ఒక హాస్య ఒపెరాను పునరుద్ధరించనున్నదనీ, ఏడాది టిక్కెట్లు ముందే కొన్న చందాదారులు ఇందుకు ఎంతమాత్రం ఆందోళన చెందనవసరం లేదనీ సెప్టెంబరు మొదట్లో ఒక ప్రకటన వెలువడింది. ఆందోళన దేనికో అందులో రాయలేదు. రాయకపోయినా మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాటకశాలకు వెళ్ళి నవ్వడమంటే మావాళ్ళకు పరాయివాళ్ళ వంటింట్లో మూతలు తీసి చూసినంత మొహమాటం. ప్రభుత్వంవారు పోషించే చోట, ఎర్ర మఖమలు కుర్చీలో కూర్చుని, నల్ల సూటు వేసుకుని, కిసుక్కుమంటే రేపు ఎవరు పూచీ?

ఒపెరా పేరు "బల్తాజర్ శవభోజనం". రెండు వందల ఏళ్ళ కిందట మా ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనే రాశాడు. కథ చిన్నది. బల్తాజర్ బీరు కాచే ఆసామి. తనంటే ఎవరికి ప్రేమో తేల్చుకుందామని చచ్చినట్టు పడుకుంటాడు. శవపేటిక చుట్టూ ఊరంతా చేరి భోజనాలు చేస్తూ ఆయన పిసినారితనం, పెడసరం, బట్టతల అన్నీ వరసగా తిట్టిపోస్తారు. బల్తాజర్ కిక్కురుమనడు. ఇంతలో అతని బావమరిది ఖర్చు కలిసొస్తుందని పక్కవీధి పోటీదారుడి బీరు తెప్పిస్తాడు. అందరూ ఒక గుక్క తాగి, "ఆహా, చచ్చినాయన బీరుకంటే ఇదే నయం" అని పాడతారు. తనను ఎన్నన్నా పడి ఉన్నవాడు ఆ మాటకు ఆగలేక పేటికలోంచి లేచి కూర్చుని, పాతాళంలోంచి వచ్చినట్టున్న గొంతుతో, "ఆ నీళ్ళు ఎవడు తెచ్చాడ్రా?" అంటాడు. అంతే ఒపెరా. మిగతాదంతా పెళ్ళిళ్ళు.

ఆ రోజుల్లో జనం పొట్టలు చెక్కలయ్యేలా నవ్వారట. నవ్వారు కాబట్టి పండితులు దాన్ని చిన్నరచన అన్నారు. చిన్నరచన కాబట్టి అటక ఎక్కించారు. అటక ఎక్కించారు కాబట్టి జనం మరిచిపోయారు. ఇప్పుడు జనం మరిచిపోయారు కాబట్టి అది గొప్ప రచన అయింది. కళాచరిత్ర అంటే ఇంతకంటే ఏమీ లేదు.

దాన్ని అటక మీంచి దింపమని అడుగుతూ వచ్చిన మనిషి ఒక్కడే. ఎక్‌హార్ట్ ప్రూస్. నాటకశాలలో మంద్రస్వరం పాటలు పాడే గాయకుడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆయన పాడినవి కారాగార కాపలాదారు, రాత్రి గస్తీవాడు, రెండో పూజారి, "ప్రభూ, గుర్రాలు సిద్ధం" అని చెప్పి వెళ్ళిపోయే సేవకుడు. నాటకశాలకు ఎంతమంది అధిపతులు మారితే అంతమంది గదుల్లోకీ వెళ్ళి బల్తాజర్ సంగతి ఎత్తాడు. అందరూ కాఫీ ఇచ్చి పంపారు. ఈ సీజను అయ్యాక ఆయనకు పింఛను. ఈ ఏడు కాకపోతే ఇక లేదు. ఆయనకు పేరు వద్దు, పతకం వద్దు. పేటికలోంచి లేచి ఆ ఒక్క మాట అనగానే హాలంతా ఒక్కసారి గొల్లుమని నవ్వాలి. అది చెవులారా వినాలి. ఈ కోరిక ఆయన కడుపులో దాచుకోలేదు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు.

"ఇన్నాళ్ళూ రాజులకు గుర్రాలు తోలావు. ఒక్క పూట శవానివై మెప్పించు, నేనూ కళ్ళారా చూస్తాను," అనేది ఆయన భార్య ఇర్మ్‌గార్డ్. ఆవిడ అదే నాటకశాలలో ప్రాంప్టరు. వేదిక అంచున చిన్న గూటిలో దీపం పెట్టుకుని కూర్చుని, మాట మరిచినవాళ్ళకు మాట అందిస్తుంది. మొగుడికి మాత్రం ఎన్నడూ అందించవలసి రాలేదు. మరిచిపోవడానికి ఆయనకు మాటలు ఉండేవి కావు.

చివరికి ఆయన మొర ఆలకించినది అధిపతి డాక్టర్ హోల్త్. ఆవిడ మంచి మనిషి. రాష్ట్ర కళానిధి వారు "మరుగునపడిన రచనలను ఆధునిక ప్రేక్షకులకు చేరువ చేయు పథకం" ప్రకటించిన మర్నాడే ఆవిడకు బల్తాజర్ మీద ప్రేమ పుట్టింది. ఆధునిక ప్రేక్షకుడంటే ఎవరో కనుక్కోవడానికి ఒక సంఘం వేశారు. సంఘ సభ్యులు చాలాసేపు చర్చించి, అది తాము మాత్రం కాదని ఏకగ్రీవంగా తేల్చారు. ఎవరో తెలియని ఆ మహానుభావుడి కోసం బెర్లిన్ నుంచి కాస్పర్ డ్రేవ్ అనే దర్శకుణ్ణి పిలిపించారు. ఆయన గుండు చేయించుకుని నల్లచొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన సహాయకులూ గుండ్లు చేయించుకుని నల్లచొక్కాలే వేసుకుని వచ్చారు.

మొదటి సమావేశంలో దర్శకుడు అట్టముక్కలతో చేసిన వేదిక నమూనా బల్లమీద పెట్టి ఉపన్యసించాడు.

"మిత్రులారా, ఈ ఒపెరాను నేను శ్రద్ధగా చదివాను. సంగీతం బాగుంది. కథ బాగుంది. ఇందులో లోపం ఒకే ఒక్కటి. ఇది నవ్వు తెప్పిస్తుంది. మన కాలం ఎలా ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇలాంటి కాలంలో నవ్వే హక్కు ప్రేక్షకుడికి ఎవరిచ్చారు? ఈ రచనను దాని హాస్యం నుంచి కాపాడటమే మన బాధ్యత."

అందరూ బల్లమీద పిడికిళ్ళతో తట్టి హర్షం తెలిపారు. ప్రూస్ కూడా అలవాటుగా తట్టాడు. తట్టాక చెయ్యెత్తాడు.

"అయ్యా, పేటికలోంచి నేను లేచి కూర్చుంటాను గదా?"

"ఏ పేటిక?" అన్నాడు దర్శకుడు.

పేటిక లేదు. విమానాశ్రయాల్లో సామాన్లు తిరిగే బెల్టు ఉంది. బల్తాజర్ దానిమీద పడుకుని తిరుగుతూ ఉంటాడు. మనిషిని సరుకుగా మార్చిన వ్యవస్థకు అది ప్రతీక.

"సరే, బెల్టు మీంచే లేస్తాను," అన్నాడు ప్రూస్.

"లేవడమంటే ఆశ, ప్రూస్ గారూ. ఈ రోజుల్లో మనం జనానికి ఆశ ఏ మొహం పెట్టుకుని ఇస్తాం? మీరు లేవరు. పైన తెరమీద మీ మూసిన కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. ఆ మాట బదులు, సరుకును చల్లగా ఉంచే గిడ్డంగుల నిబంధనలు ఒక గొంతు చదువుతుంది. రికార్డు చేసేశాం."

ప్రూస్ ఇంటికి వెళ్ళి సూప్ ముందు కూర్చున్నాడు గాని చెంచా ముట్టలేదు. పెళ్ళాం అడిగితే, "పెళ్ళయింది గాని పెళ్ళికొడుకును మార్చారు," అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. "పద, నేనొచ్చి ఆ గుండుకు రెండు మాటలు అందిస్తాను," అంది. ఆయనే ఆపాడు. వేషం పోతే బెల్టు మీద కూడా చోటుండదని ఆయన భయం. మింగలేక కక్కలేక తిరగడం మొదలుపెట్టాడు.

రిహార్సళ్ళు నవంబరు దాకా నిర్విఘ్నంగా సాగాయి. ప్రారంభ సంగీతాన్ని చివరినుంచి మొదటికి వాయించాలని నిర్ణయమైంది. బీరు పూర్తిగా తొలగించారు. బృందగాయకులు ఖాళీ చేతులు ఎత్తి తాగుతారు. అది లేమి. అందరికీ బూడిదరంగు దుస్తులు, చేతిలో తలో సూట్‌కేసూ. సూట్‌కేసు మోస్తూ పాడటం గాయకుడి పని కిందికి వస్తుందా, కూలీ పని కిందికి వస్తుందా అని ఉద్యోగుల సంఘం ప్రశ్న లేవదీసింది. ఖాళీ సూట్‌కేసును బరువుగా పరిగణించరాదని పరిష్కారం కుదిరింది. నాటకశాలలో జరిగేదాన్ని జనానికి వివరించడానికి జీతమిచ్చి పెట్టుకున్న పండితుడు లావుపాటి పుస్తకం ఒకటి తయారుచేశాడు. అందులో బల్తాజర్ పేరు ఒకే ఒక్కచోట వస్తుంది, అది కూడా అడుగున చిన్న అక్షరాల్లో.

ఇంత సవ్యంగా సాగుతున్న పనిలో ఒక్క చిక్కు వచ్చిపడింది. మొదటి ప్రదర్శన నాడు చివర్న దర్శకుడు వేదిక మీదికి రాగానే ప్రేక్షకులు ఛీకొడుతూ "బూ" అని అరవడం మా దేశంలో పెద్ద ఊళ్ళ మర్యాద. బూ పడనివాణ్ణి దర్శకుడిగా ఎవరూ లెక్కచెయ్యరు. డ్రేవ్ గారికి అంతకుముందు ఊళ్ళో ఘనంగా పడ్డాయట. మా విట్టెన్‌రోడ చందాదారులు పాపం అమాయకులు. ఎవరినీ బూ అనరు. నచ్చకపోతే ఇంటికెళ్ళి కాస్త పుదీనా టీ తాగి పడుకుంటారు. బయటి పత్రికల విమర్శకులు వచ్చిన రోజున మర్యాదగా చప్పట్లు కొడితే దర్శకుడి బతుకేం కాను, ఊరి పరువేం కాను?

డాక్టర్ హోల్త్ ఆలోచించి నాటకశాల మిత్రమండలి అధ్యక్షుడైన ష్టూబే గారి ఇంటికి వెళ్ళింది. ఆయన రిటైరైన నోటరీ. ఊళ్ళో సగం వీలునామాలు ఆయన ముందు రాసినవే. మాట ఇస్తే గోడమీద మేకు కొట్టినట్టే. విషయం విని, గడ్డం నిమురుకుని, "ఊరి కోసమంటే కాదనలేం," అన్నాడు. మందుల షాపాయన, పళ్ళ డాక్టరు దంపతులు, హైస్కూలు లాటిన్ పంతులు, ఇలా పరువైన మనుషుల్నే ఎంచుకుని బూ బృందం కూర్చాడు. అగ్నిమాపక దళం వారి హాల్లో సాధన చేశారు. మొదట్లో కొందరికి "బూ" అనడానికి సిగ్గేసి "బు" దగ్గరే ఆగిపోయేవారట. చర్చి గాయకబృందం పెద్దను పిలిపించి శ్రుతి సరిచేయించారు.

దర్శకుణ్ణి గుర్తుపట్టడమెలా అన్న ప్రశ్న వచ్చింది. గుండ్లు చాలా ఉన్నాయి మరి. ష్టూబే గారు న్యాయశాస్త్రం చదివినవాడు గనక తిరుగులేని సూత్రం ఒకటి చెప్పాడు. నమస్కారాలప్పుడు దర్శకుడు ఎప్పుడూ ఆఖర్న వస్తాడు. కాబట్టి ఆఖర్న వచ్చినవాణ్ణి బూ అనండి. అందరూ సరేనన్నారు.

ఇర్మ్‌గార్డ్ కూడా చర్చిలో పాడే మనిషే కాబట్టి ఈ సంగతి ఇంటికి చేరింది. "పోనీలే, ఆ దర్శకుడి కోరికైనా తీరుతుంది," అన్నాడు ప్రూస్. ఆ మాటలో ఎగతాళి లేదు. కోరిక తీరకపోవడమంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

మొదటి ప్రదర్శనకు హాలు నిండింది. తెర లేవకముందు పండితుడు వసారాలో నిలబడి, "మీకు ఎక్కడైనా నవ్వొస్తే కంగారుపడకండి. అది మీలో మిగిలి ఉన్న పాత ప్రేక్షకుడు. కాసేపు ఓపిక పడితే పోతాడు," అని ధైర్యం చెప్పాడు. ప్రారంభ సంగీతం తలకిందులుగా మోగింది. మొదటి అంకం గంభీరంగా నడిచింది. ఎవరో దగ్గుబిళ్ళ కాగితం విప్పిన చప్పుడు తప్ప హాల్లో మరో చప్పుడు లేదు.

రెండో అంకంలో శవభోజనం. ప్రూస్ బెల్టు మీద వెల్లకిలా పడుకుని తిరుగుతున్నాడు. చుట్టూ బూడిదరంగు జనం ఖాళీ చేతులతో తాగుతున్నారు. ఉన్నట్టుండి ఎక్కడో ఫట్‌మంది. కాలిన వాసన. తెర ఆరిపోయింది, నిబంధనలు చదవవలసిన గొంతు పలకలేదు, బెల్టు ఒక్క కుదుపు కుదిపి ప్రాంప్టరు గూటికి సరిగ్గా ఎదురుగా ఆగింది. అయినా వాద్యబృందం ఆగలేదు. ఆపమని ఎవరైనా అధికారికంగా చెప్పేదాకా వాయించడం మావాళ్ళ అలవాటు. వాళ్ళు వాయించారు కాబట్టి వీళ్ళు పాడారు. పిసినారి అన్నారు, పెడసరం అన్నారు, బట్టతల అన్నారు. ప్రూస్ కళ్ళు మూసుకునే ఉన్నాడు. "చచ్చినాయన బీరుకంటే ఇదే నయం" అన్నారు.

అప్పుడు గూట్లోంచి ఇర్మ్‌గార్డ్ గొంతు మెల్లగా వినిపించింది. ఆవిడ ముందున్నది పాత ప్రతి. తరవాతి మాట అందించడం ఆవిడ ఉద్యోగ ధర్మం.

"లేవయ్యా. ఆ నీళ్ళు ఎవడు తెచ్చాడ్రా."

ప్రూస్ లేచి కూర్చున్నాడు. బూడిదరంగు జనాన్ని ఒక చివర నుంచి మరో చివర దాకా కలియజూశాడు. ఖాళీ చేతుల్లో లేని బీరును చూసి ముక్కు చిట్లించాడు.

"ఆ నీళ్ళు ఎవడు తెచ్చాడ్రా?"

పై అంతస్తులో ఎవరికో పొలమారినట్టయింది. తరవాత ముందు వరసలో ష్టూబే గారు ఎక్కిళ్ళు పెట్టి, తల మోకాళ్ళకు ఆనించి నవ్వాడు. పళ్ళ డాక్టరుగారి భార్య కుర్చీ చేతులు చరిచింది. ఇక ఎవరి తరం కాలేదు. హాలంతా గొల్లుమంది. బృందగాయకులు సూట్‌కేసులు కింద పెట్టి నవ్వారు. నవ్వు తగ్గినట్టే తగ్గి, ప్రూస్ కనుబొమ ఎగరేస్తే మళ్ళీ లేచింది. బెల్టు ఇక కదలలేదు కాబట్టి, మిగతాదంతా రెండు వందల ఏళ్ళ కిందట రాసినది రాసినట్టే ఆడేశారు. ప్రూస్‌కు కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆయనకు అంత ఆనందం పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ సంగతి తరవాత ఆయనే పెళ్ళాంతో అన్నాడు, ఆవిడా కోప్పడలేదు.

తెర వెనక దర్శకుడు పాలిపోయి నిలబడ్డాడు. "నా నాటకంలో నవ్వారు. నా పేరు పెట్టిన నాటకంలో," అన్నాడు. డాక్టర్ హోల్త్ ఆయన భుజం తట్టింది. నమస్కారాల వేళయింది. "ఈ నవ్వుకు బాధ్యుడు ప్రూస్. ఆఖర్న ఆయన్నే నిలబెట్టండి. నేను ముందు వెళ్ళి వచ్చేస్తాను," అన్నాడు దర్శకుడు.

ఆయన ముందు వెళ్ళాడు. గుండ్లలో ఒక గుండుగా వంగి లేచాడు. మామూలు చప్పట్లు పడ్డాయి. తరవాత గాయకులు ఒక్కొక్కరే వచ్చారు. చప్పట్లు పెరిగాయి, జనం కాళ్ళతో నేల దరువెయ్యడం మొదలుపెట్టారు. అందరికంటే ఆఖర్న ఎక్‌హార్ట్ ప్రూస్ వచ్చాడు.

"బూ" అంది ముందు వరస. కడుపులోంచి, నిండుగా, శ్రుతి తప్పకుండా. ష్టూబే గారు ఒక చేత్తో నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంటూనే రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని బూ అన్నాడు. వెనక వరసలవాళ్ళు తెల్లబోయారు. ముందున్నది ఎవరు? నోటరీ, మందుల షాపాయన, లాటిన్ పంతులు. చదువుకున్నవాళ్ళు. వాళ్ళకు తెలిసింది తమకు తెలియలేదన్నమాట. నవ్వకూడని చోట నవ్వినట్టున్నామే అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండో వరస బూ అంది, మూడోది అంది, కాసేపటికి పై అంతస్తుకు కూడా జ్ఞానోదయమైంది. ప్రూస్ గుండెమీద చెయ్యి వేసుకుని, గుర్రాలు సిద్ధమని చెప్పడానికి వచ్చినప్పటిలాగే వంగి నమస్కారం చేసి వెళ్ళాడు.

మేకప్ గదిలో ఆయన అద్దం ముందు కూర్చుని ఉంటే ఇర్మ్‌గార్డ్ వచ్చి పక్కన నిలబడింది.

"నవ్వారు గదా?" అన్నాడు.

"నవ్వారు."

"నేను విన్నది నిజమే గదా?"

"నేనూ విన్నానుగా. గూట్లోకి కూడా వినిపించింది," అంది ఆవిడ, ఆయన మొహానికి క్రీము రాసి తుడుస్తూ. బూల మాట ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాటి పత్రికలు దర్శకుణ్ణి ఆకాశానికెత్తాయి. "చవకబారు నవ్వు అనే ఉచ్చు పన్ని, ప్రేక్షకుణ్ణి అందులో పడేసి, ఆ నవ్వును వాడి చేతే ఛీకొట్టించిన ఘనుడు డ్రేవ్. బెల్టు ఆగిపోయే ఘట్టం మన కాలపు మహా దృశ్యం." డ్రేవ్ గారు పత్రిక రెండుసార్లు చదువుకుని, తన ఉద్దేశం అదేనని అంగీకరించాడు. ఇకమీదట ప్రతి ప్రదర్శనలోనూ బెల్టు సరిగ్గా అక్కడే చెడిపోవాలని ఉత్తరువు జారీ అయింది. చెడగొట్టడానికి ఒక ఉద్యోగిని నియమించారు.

ప్రూస్‌కు ప్రాణం లేచొచ్చింది. ఎవరి పేరు మీదైతేనేం, ఆయన రోజూ లేచి కూర్చోవచ్చు. ఆ మాట రోజూ అనవచ్చు. రొట్టెల దుకాణానికి వెళ్తే అక్కడ ష్టూబే గారు కనబడి, టోపీ తీసి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ప్రూస్ గారూ, మా ఆవిడ పోయాక నేను నవ్వడం అదే. పక్కటెముకలు ఇంకా నొప్పే."

"మరి బూ అన్నారేమండీ?"

"ఆఖర్న వచ్చినవాణ్ణి అనాలని మాట. మీరు ఆఖర్న వచ్చారు."

"నేనని కనబడుతూనే ఉంది కదా?"

"కనబడుతూనే ఉంది. నాకూ కష్టంగానే ఉండింది. కానీ అనుకున్న మాటకు ఎవరికి వాళ్ళు మినహాయింపులు ఇచ్చుకుంటూ పోతే ఊరు ఏమవుతుంది చెప్పండి?"

"మిగతావాళ్ళతో మీరు ఏమీ అనుకోలేదే. వాళ్ళెందుకన్నారు?"

ష్టూబే గారు ఆ ప్రశ్నకు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "అది నాకూ అంతుబట్టలేదు," అన్నాడు. "ఏమైనా గురువారం మళ్ళీ వస్తున్నా. ఆ రోజు నాకు ఏ బాధ్యతా లేదు. మనసారా నవ్వుతాను, చూడండి."

గురువారం హాలు కిటకిటలాడింది. అందరూ పత్రిక చదివే వచ్చారు. వసారాలో పండితుడు కొత్త వివరణ ఇచ్చాడు. "రెండో అంకంలో ప్రేక్షకుడు ముందు నవ్వి, తరవాత సిగ్గుపడతాడు. వివేకం ఉన్నవారు మొదటి మెట్టు వదిలేయవచ్చు."

బెల్టు వేళకు చెడిపోయింది. ఇర్మ్‌గార్డ్ అందించనక్కర్లేదు గాని ఊరికే అందించింది. ప్రూస్ లేచాడు, జనాన్ని కలియజూశాడు, ముక్కు చిట్లించాడు, తన జన్మలో ఏ మాటా పలకనంత బాగా ఆ మాట పలికాడు.

ఎవరూ నవ్వలేదు.

దీపాల వెలుగు ముందు వరసల మీద పడుతోంది కాబట్టి ఆయనకు అన్నీ కనబడ్డాయి. భుజాలు అదురుతున్నాయి. పెదాలు పళ్ళ కింద నలుగుతున్నాయి. పళ్ళ డాక్టరుగారి భార్య శాలువ కొస నోట్లో కుక్కుకుంది. ష్టూబే గారి మొహం కందగడ్డయిపోయి కళ్ళనీళ్ళు కారుతున్నాయి. ఆయన పక్కాయన వంక చూస్తున్నాడు, పక్కాయన అవతలాయన వంక చూస్తున్నాడు, ఆ చివరాయన గోడ వంక చూస్తున్నాడు. ప్రూస్ చాలాసేపు ఎదురుచూశాడు. సంగీత నిర్వాహకుడు కూడా పాపం తాళం చూపే పుల్ల ఎత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గూట్లో ఇర్మ్‌గార్డ్ ఒక్కతే నవ్వింది. కానీ ప్రాంప్టరు గొంతు హాల్లోకి వినబడకుండా కట్టారు ఆ గూడు. ప్రూస్ మళ్ళీ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒపెరాలో అలా లేదు. ఆయనకే లేచి ఉండాలనిపించలేదు.

ఆయన పింఛను తీసుకుని చాన్నాళ్ళయింది. బల్తాజర్ మళ్ళీ అటకెక్కాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరిని కదిపినా, ఆ గురువారం హాలంతా బిగుసుకుని కూర్చుంటే ధైర్యంగా నవ్విన మనిషి తానొక్కడేనని చెబుతాడు. హాల్లో ఉన్న కుర్చీలకంటే అలా చెప్పేవాళ్ళే ఎక్కువ తేలారు. మీరు అక్కడ ఉండి ఉంటే మీరూ తప్పకుండా నవ్వేవారు. మీకోసం కూడా ఒక కుర్చీ వేయించాం.